పరలోక వర్గాల సమాచారం

పెద్దమ్మ చాప మీంచి లేచి, కొంగు నడుముకు దోపుకుని, మద్రాసు నుంచి వచ్చిన ప్రసంగికుణ్ణి ఒక ప్రశ్న అడిగింది. భక్తి రగిలించడానికి పెట్టే ఉజ్జీవ కూటంలో జనం లేచి నిలబడటం కొత్తేమీ కాదు. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లు, తలమీద చేయి పెట్టించుకోవడానికి లేచేవాళ్లు, చంటిపిల్ల ఏడుపు మానడం లేదని లేచేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. కానీ ప్రసంగం మధ్యలో ప్రశ్న అడగడానికి లేచిన మనిషిని మా చర్చి అంతకుముందు ఎరగదు. షామియానా కింద కూర్చున్న తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. వేదిక మీద, ప్రసంగికుడి పక్కన, రెండో మైకు పట్టుకుని నిలబడ్డ దుబాసీని నేనే. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో ఆయనకు చేరవేయాల్సిన బాధ్యత నాది. చెప్పమంటావా వద్దంటావా అని కూటం నిర్వహిస్తున్న మా బావ వైపు చూశాను. ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఉన్నాడు.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ రోజుల్లో (ఎనభైల మొదటి సంవత్సరాలు అనుకోండి) వరంగల్లో మా చర్చి ఆరాధన ఎంతో నిదానంగా సాగేది. ఒక హార్మోనియం, ఒక తబలా, మూలలు నలిగిన కీర్తనల పుస్తకాలు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, వాళ్ల మధ్య అటూ ఇటూ పరిగెత్తే పిల్లలు. అయ్యగారు (మా పాస్టరుగారిని అందరూ అలాగే పిలిచేవారు) గొంతు పెంచడం ఎవరూ విని ఎరగరు. ఆయన ప్రసంగం ఎండాకాలం మధ్యాహ్నం పంకా తిరిగినట్టు ఉండేది. హాయిగానూ ఉండేది, కునుకూ పట్టేది. అయిపోయిందన్న సంగతి హార్మోనియం మోగితే తప్ప తెలిసేది కాదు. ఆ మోతకు ఉలిక్కిపడి లేచి అందరికంటే గట్టిగా పాడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. భక్తి ఉందా లేదా అని ఒకరినొకరు తూచుకునే అలవాటు అప్పటికి మాకు లేదు. వచ్చారంటే ఉన్నట్టే లెక్క.

ఆ లెక్కను మార్చినవాడు మా బావ, అంటే మా మేనత్త కొడుకు. కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టరు. పగలంతా ఆవిరి ఇంజన్ల మధ్య పని. చప్పుడు చేయని యంత్రం చెడిపోయి ఉంటుందన్నది ఆయన వృత్తి నేర్పిన పాఠం, దాన్నే తెచ్చి చర్చికి వర్తింపజేశాడు. కోస్తా వైపు ఏవో పెద్ద కూటాలకు వెళ్లొచ్చి, యువజన సంఘాన్ని చేతిలోకి తీసుకుని, డ్రమ్ములూ ఎకో మైకూ తెప్పించాడు. ఆ మైకులో ఒక్క స్తోత్రం అంటే వెనకాలే ఇంకో రెండు స్తోత్రాలు వాటంతటవే వచ్చేవి. శ్రమ లేకుండా ఇంత ఫలితం ఇచ్చే యంత్రం షెడ్డులో కూడా లేదని బావ మురిసిపోయేవాడు. ఏ కూటం ముగిసినా ఆయన మొదట అడిగేది ఒకటే. “ఎంతమంది ఏడ్చిన్లురా?” ఏం చెప్పారని అడిగినట్టు నాకు గుర్తు లేదు.

చిక్కల్లా మా పెద్దమ్మతో వచ్చింది. పెద్దమ్మ మా నాన్నగారి అన్న భార్య. మిషను దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ప్రార్థన ఎన్నో ఏళ్లుగా ఆవిడే నడిపేది. ఆ ప్రార్థన వినితీరవలసిందే. “ప్రభువా, తబలా కొట్టే తాత మోకాలు వాపు ఇంకా దిగలే, చూడు. పాలామె బిడ్డకు నెలలు నిండినయి, అడ్డం తిరగకుండ చూడు. ఎదురింటాయనకు షుగరున్నది, మిఠాయి మానుతలేడు, ఆయనకు బుద్ధన్న ఇయ్యి.” వార్డులో రౌండుకొచ్చిన డాక్టరుకు ఒక్కో మంచం గురించి చెప్పినట్టు చెప్పేది. పూర్తికాగానే ఆమెన్ అని చాప దులిపేది. ఆ ఒక్క గంట కోసం ఆవిడ వారమంతా ఇల్లిల్లూ తిరిగేది. రిటైరయ్యాక ఆవిడకు మిగిలిన డ్యూటీ అదొక్కటే.

ఒకరోజు బావ మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, గొంతు సవరించుకున్నాడు.

“అత్తమ్మా, ఏమనుకోకు గని, నీ ప్రార్థన దవాఖానల మందు రాసిచ్చినట్టుంటాంది. జర గుండె కరగాలె గదా.”

“కరిగితే మనిషి బతుకుతడా అల్లుడా?”

“గదే, మాటకు మాటంటవు. కన్నీళ్లు లేని ప్రార్థన ఇంటికప్పు దాటి పోదట. మద్రాసు బ్రదర్ చెప్పిండు. తర్జుమా క్యాసెట్ల విన్న.”

పెద్దమ్మ తల ఎత్తి మా పెంకుల కప్పునూ దూలాలనూ కాసేపు చూసింది. “మరి ఇన్నేండ్లసంది నేను చేసినయన్ని గీ దూలాలకే వేలాడుతానయా?” అంది. నవ్వుతూనే అంది గాని, తర్వాత ఆవిడ చాయ్ గ్లాసు ముట్టలేదు.

బావ చివరికి అసలు సంగతి చెప్పాడు. ఆ మద్రాసు బ్రదర్నే పిలిపించి మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెడుతున్నారు. ఆ తర్వాత నుంచి శుక్రవారం ప్రార్థన దేవుని ఆత్మ దిగి అభిషేకం పొందిన వాళ్లే నడపాలని యువజన సంఘం చర్చి కమిటీకి చెప్పింది. అభిషేకానికి గుర్తు ఏమిటంటే కన్నీళ్లు. “నువ్వు సుత రా అత్తమ్మా. ముందట కూసో. గట్టిగ ప్రయత్నం చెయ్యి,” అని పరీక్షకు వెళ్లే పిల్లకు చెప్పినట్టు చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లాక పెద్దమ్మ నన్ను పిలిచింది. “నేను ఏడ్చంగ ఎన్నడన్న చూసినవారా?”

చూడలేదన్నాను.

“మీ పెదనాయిన పోయిన్నాడు సుత రాలే. దవాఖానల మేం ఏడుస్తె సూదెవరేస్తరు బిడ్డా? గట్లనే అలవాటైపాయె. ఇప్పుడు తెమ్మంటె యాడికెల్లి తేవాలె?” తనలో తాను అనుకుంటున్నట్టు, “కండ్లల్ల వేసే మందొకటున్నది. నీళ్లు బొటబొట కారుతయి,” అంది. వెంటనే చెంపలు వేసుకుంది. “ఛీ, దేవుని ముందట దొంగేడుపా!”

నా సంగతి కూడా చెప్పాలి. అప్పుడు నేను హైదరాబాదులో ఒక దినపత్రికలో కొత్తగా చేరిన సబ్ఎడిటర్ని. టెలిప్రింటర్లో వచ్చే ఇంగ్లీషు వార్తలను తెలుగు చేయడం నా పని. మా చీఫ్ సబ్ ఎర్ర పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. విశేషణం కనబడితే కొట్టేసేవాడు. ఒకే సంగతి రెండుసార్లు వస్తే రెండోది కొట్టేసేవాడు. “ఏడవడం పాఠకుడి పని. నువ్వు ఎవరన్నారో, ఏమన్నారో చెప్పి తప్పుకో,” అనేవాడు. ఏ మంత్రి ఏ ఊళ్లో ఎంత అరిచినా మా బల్ల మీదికొచ్చేసరికి ‘అని ఆయన పేర్కొన్నారు’ దగ్గర చల్లబడాల్సిందే. చేరి ఏడాదైనా కాకముందే నాకు కలలు కూడా పరోక్ష కథనంలో వచ్చే స్థితి ఏర్పడింది. అలాంటి స్థితిలో సెలవు పెట్టి ఇంటికొచ్చాను. బావ మా ఇంటికొచ్చి చెప్పిందీ, కూటాలు నడిచిందీ ఆ వారంలోనే.

మద్రాసు బ్రదర్ తెల్లటి సూటులో, నున్నగా దువ్విన జుట్టుతో చూడముచ్చటగా ఉండేవాడు. ప్రసంగం ఇంగ్లీషులో. దాన్ని తెలుగు చేయడానికి మా ఊళ్లో పేరుపడ్డ మనిషి ఒకాయన ఉన్నారు. రిటైరైన ఇంగ్లీషు టీచరు, అందరికీ దుబాసీ మాస్టారు. ఆయన మాటను మాత్రమే అనువదించేవారు కాదు, మనిషినే అనువదించేవారు. బ్రదర్ చేయెత్తితే ఆయనా చేయెత్తేవారు, బ్రదర్ మోకాళ్లూనితే ఆయనా ఊనేవారు, బ్రదర్ జేబురుమాలు తీస్తే ఆయన కండువా తీసేవారు. మొదటి రోజు మాస్టారి ఏడుపుకు వెనక వరసల్లో బఠానీలు అమ్మేవాడు కూడా ముక్కు చీదాడు. బావ ముఖం పెట్రోమాక్సు దీపంలా వెలిగిపోయింది.

పెద్దమ్మ ఆ రెండు రోజులూ ముందు చాప మీద, మడత పెట్టిన జేబురుమాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మడత విప్పకుండానే ఇంటికి తెచ్చింది. “ఆయన మంచిగనే ఏడుస్తాండు. నాకే వస్తలేదు,” అంది, తప్పంతా తనదే అయినట్టు. మా అమ్మ ఊరుకోలేక, “వస్తే వచ్చింది, లేకుంటే లేదు. అన్నం తినక్కా,” అంది. పెద్దమ్మ మజ్జిగ తాగి పడుకుంది.

చివరి రోజు సాయంత్రం నేను ఉప్మా తింటుండగా బావ రొప్పుతూ వచ్చాడు.

“అరేయ్, మాస్టారు గొంతు పోయింది! పిట్ట కూసినట్టు సుత వస్తలేదు. నీకు ఇంగ్లీషొస్తది గదా?”

“పేపర్ ఇంగ్లీషొస్తది బావా.”

“గా ఇంగ్లీషే. గంటల కూటం సురువైతది. ఇస్త్రీ అంగి తొడుక్కొని రా.”

నేను నసిగాను. అప్పుడు పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. “పో బిడ్డా. మాస్టారు మస్తు చెప్తాండు గని, ఆ ఊపుల నాకు సగం సమజైతలేదు. నువ్వు నిమ్మలంగ చెప్తవు. ఇయ్యాల ఆఖరి దినం,” అంది. అంతటితో కాదనడానికి లేకపోయింది. ఆవిడ శుక్రవారాలు నా నోటి మీద ఆధారపడి ఉన్నాయని ఇస్త్రీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే తెలిసొచ్చింది.

వేదిక ఎక్కాను. బ్రదర్ రెండు చేతులూ ఆకాశానికెత్తి, సిద్ధంగా ఉన్నారా, ఈ రాత్రి సిద్ధంగా ఉన్నారా, నేనడుగుతున్నాను సిద్ధంగా ఉన్నారా అని గర్జించి నా వైపు తిరిగాడు.  ఏ గొంతుతో చెప్పాలో నాకు తోచలేదు. తోచనప్పుడు మనిషి చేసే పనే చేశాను, రోజూ చేసే పని. “అందరూ సిద్ధంగా ఉన్నారా అని బ్రదర్ గారు పలుమార్లు అడిగారు,” అన్నాను.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. స్తోత్రం అనాల్సిన చోటు ఎక్కడో వాళ్లకు దొరకలేదు. డ్రమ్ముల కుర్రాడు కర్రలు గాల్లో ఆపేశాడు. బ్రదర్ ఇంకాస్త గొంతు పెంచి, తాను ఒకప్పుడు పురుగులాంటి వాణ్ణని, మురికిలో పొర్లానని, చీకట్లో తిరిగానని చాలాసేపు చెప్పాడు. “తన గత జీవితం సంతృప్తికరంగా లేదని ఆయన అంగీకరించారు,” అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, చెవి దగ్గర చేయి పెట్టుకుని, పరలోకం నుంచి తనకు ఇప్పుడే ఒక స్వరం వినిపించిందని, ఈ షామియానా కిందికి అగ్ని దిగబోతోందని వణుకుతూ చెప్పాడు. నా నోరు నా చేతిలో లేదు. “ఈ సాయంత్రం ఇక్కడ అగ్ని దిగే అవకాశం ఉన్నట్లు పరలోక వర్గాల నుంచి సమాచారం అందిందని తెలిపారు,” అన్నాను. ముందు చాపల మీద ఆడవాళ్లు పైకి చూసి, పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. ఎవరో, “బట్ట షామియానా గదా, జర సూస్కోండ్రి,” అన్నారు. మెడకు మఫ్లరు చుట్టుకుని కుర్చీలో కూర్చున్న దుబాసీ మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

పాపం బ్రదర్ మంచివాడు. ఊరు మొద్దుబారి ఉందనుకున్నాడో ఏమో, చివరి రోజుకని అట్టిపెట్టుకునే సాక్ష్యం ఎత్తుకున్నాడు. క్యాసెట్లన్నిటిలోకీ పేరుపొందిన ఘట్టం అదే. తల్లి చనిపోవడం. ఆయన జేబురుమాలు తీశాడు, గొంతు వణికించాడు, అమ్మా అమ్మా అని ఎకో మైకులో పిలిచాడు. ఆ అమ్మలన్నీ మైదానం చివరిదాకా వెళ్లొచ్చాయి. నేను ఆగి, “ఆయన తల్లి ఆసుపత్రిలో చనిపోయారు. అప్పుడు ఆయన ఊళ్లో లేరు. చివరి గంటలో ఆమె పక్కన ఎవరూ లేరని ఆయన బాధపడుతున్నారు,” అన్నాను. ఏడుపుకు వీలుగా ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. నిశ్శబ్దం. మైదానం అవతల రోడ్డు మీద ఎవరిదో సైకిలు గంట వినిపించింది.

ఆ నిశ్శబ్దంలో లేచింది పెద్దమ్మ. “అయ్యా, మీ అమ్మకు ఏం జబ్బు?”

బావ తలమీంచి చేతులు తీసే సూచన లేకపోవడంతో నేనే ధైర్యం చేసి ప్రశ్న చేరవేశాను. బ్రదర్ చేతిలో రుమాలు ముఖానికి సగం దూరంలో ఆగిపోయింది. ఇన్ని ఊళ్లలో ఈ సాక్ష్యం చెప్పాడు కదా, ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. అలవాటు కొద్దీ మైకులోనే జవాబు చెప్పాడు. “కామెర్లు,” అన్నాను నేను. మైకు ఆ కామెర్లను మరో రెండుసార్లు పలికింది.

“ఏ వార్డుల పెట్టిన్లు?”

“జనరల్ వార్డు.”

“మరి ఒక్కతే ఎట్లుంటది? రాత్రి డ్యూటీ పిల్ల ఉంటది గదా?”

బ్రదర్ మైకు పక్కకు జరిపాడు. చిన్న గొంతుతో ఏదో అన్నాడు. “తనకు తెలియదని, ఎన్నడూ ఎవరినీ అడగలేదని ఆయన చెప్పారు,” అన్నాను. ఆ సాయంత్రం నేను చేసిన అనువాదాల్లో మూలానికి సరిగ్గా సరితూగింది అదొక్కటే.

“ఉంటదయ్యా,” అంది పెద్దమ్మ. “జనరల్ వార్డుల ఎవ్వలు ఒక్కలే పోరు. ఎవలమో ఒకలం ఉంటం. నేను ఎంతమంది చెయ్యి పట్టుకున్ననో నాకే యాదికి లేదు. మీ అమ్మ చెయ్యి సుత ఏ పిల్లనో పట్టుకునే ఉంటది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

నేను ఆ ముక్కను ఇంగ్లీషులో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని లోలోపల వాక్యం కూర్చుకుంటున్నాను. ఈలోగా బ్రదర్ మైకును కింద పెట్టి, వేదిక అంచున కూర్చుని, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. రుమాలు ఎక్కడో పడిపోయింది. చూడటానికి అందంగా లేదు. ముక్కు కారింది, సూటు నలిగింది, శబ్దం కూడా సరిగా రాలేదు. డ్రమ్ముల కుర్రాడు ఇప్పుడా అన్నట్టు కర్రలెత్తి బావ వైపు చూశాడు. మా బావ జీవితంలో మొదటిసారి, వద్దని చేయి ఊపాడు. అయ్యగారు నెమ్మదిగా వచ్చి బ్రదర్ పక్కన కూర్చుని, ఎప్పటి గొంతుతోనే చిన్న ప్రార్థన చేశారు. కూటం అనుకున్న వేళకంటే ముందే ముగిసింది.

పెద్దమ్మ జేబురుమాలు మాత్రం మడత విప్పలేదు.

ఇంటికెళ్లే దారిలో బావ నన్ను పట్టుకున్నాడు. “మొత్తం కూటాన్ని పేపర్ల వార్త చేసినవ్ గదరా! పరలోక వర్గాలేందిరా, వర్గాలు!”

“మా దగ్గర గట్లనే రాస్తం బావా.”

“అగ్ని దిగే అవకాశమా? అదేమన్న వానరా?”

వెనకాల నుంచి దుబాసీ మాస్టారు లేని గొంతుతో గుసగుసలాడారు. “ఆయన మోకాళ్ల మీద పడితే నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డవేంది నాయనా? నాకు కుర్చీల పానం ఆగలే.” అయ్యగారు మాత్రం నా భుజం తట్టి, “ఉజ్జీవ ప్రసంగం నాకు మొత్తం సమజైంది ఇయ్యాల్నే బాబూ,” అన్నారు. అది మెచ్చుకోలో చురకో అడిగే చనువు నాకు లేదు.

ఇక శుక్రవారం సంగతి. కమిటీలో పెద్ద చర్చే జరిగిందట. అంత పెద్ద బ్రదర్ను ఒక్క మాటతో కూలబెట్టింది కాబట్టి ఆవిడకు అభిషేకం ఉందని కొందరు. కూలింది ఆయన, ఆవిడ కంట చుక్క రాలేదు కాబట్టి లేదని కొందరు. ఎవరు ఏడవాలో ముందే స్పష్టంగా రాసుకోవాల్సిందని మా బావ ఒప్పుకున్నాడు. చర్చ వాయిదా పడింది. ఈలోగా శుక్రవారం వచ్చింది. పెద్దమ్మ ఎప్పట్లాగే చాప చంకన పెట్టుకుని వెళ్లి, తాత మోకాలు, పాలామె బిడ్డ, ఎదురింటాయన షుగరు అయ్యాక, “ప్రభువా, మద్రాసు పిల్లగానికి ఇయ్యాలన్న జర నిద్ర పట్టనియ్యి,” అని కలిపింది. ఎవరూ ఆపలేదు. వాయిదా పడిన ఆ చర్చ మళ్లీ ఎన్నడూ జరగలేదు. కాళ్లు కదిలినన్నాళ్లూ ఆ ప్రార్థన ఆవిడే నడిపింది.

ఇప్పుడు చర్చీల్లో మా బావ ఎకో మైకు బొమ్మలా కనిపించేంత పెద్ద స్పీకర్లు వచ్చాయి. పాట మొదలుకాకముందే నేల అదురుతుంది. రంగు లైట్లు తిరుగుతాయి, ఎక్కడ చేతులెత్తాలో తెర మీద కనబడుతుంది. అప్పుడప్పుడు నేనూ వెళ్తాను, వెనక వరసలో కూర్చుంటాను. నా నోట్లో ‘అని పేర్కొన్నారు’ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పక్కన మా బావ కూర్చుంటాడు. షెడ్డు ఆయన చెవులు ఏనాడో తీసుకుంది. చెవి మిషను పెట్టుకుని, శబ్దం తగ్గించుకుని, “ఏమంటాండురా?” అని అడుగుతాడు. ఒక్క వాక్యంలో చెప్తాను. “గంతేనా?” అంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, పరలోకం సంగతులు కూడా నిర్ధారించుకుని మరీ చెప్పాలనుకున్న ఆ సన్నటి కుర్రాణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. కాస్త దిగులుగానూ ఉంటుంది. అంత నమ్మకంగా ఇప్పుడు ఏ వాక్యమూ చెప్పలేను.

ఒక్కటి మాత్రం తేలలేదు. మరునాడు కాజీపేట స్టేషన్లో మద్రాసు బ్రదర్ రైలెక్కేముందు నా చేయి పట్టుకుని, “చాలా స్పష్టంగా చెప్పారు, థాంక్యూ” అని ఇంగ్లీషులో అన్నాడు. రైలు కదిలాక గాని నాకు తట్టలేదు. పెద్దమ్మ చివరి మాటను నేను ఇంగ్లీషు చేయనే లేదు. అప్పటికే ఆయన కూర్చుని ఏడుస్తున్నాడు. ఆవిడ గొంతు చాలిందా, లేక మొదటి నుంచీ నేనన్న ప్రతి ముక్కా ఆయనకు అర్థమవుతూనే ఉందా? బావను అడిగాను, అయ్యగారిని అడిగాను, గొంతొచ్చాక మాస్టారినీ అడిగాను. బ్రదర్ మళ్లీ వరంగల్ రాలేదు. ఆయనకు తెలుగు వచ్చో రాదో మా ఊళ్లో ఎవరికీ తెలియదు.